దించితే ఊరుకుంటాది

బారువ నుంచి సోంపేట, సోంపేట నుంచి శ్రీకాకుళం.
రాత్రి రెండూ పదికి నూటెనిమిది దిగింది
తువ్వాల్లో పందొమ్మిది రోజుల గుంట.
పేరింకా లేదు. చీటీ మీద
"సూరాడ పోలేశ్వరి బిడ్డ" అని రాశాను.

జొరమా?
నేదమ్మా, ఒళ్ళు సల్లగా ఉన్నాది, అంది నాయనమ్మ దానమ్మ.
వాంతులా? నేదు. దగ్గా? నేదు.
పాలు మాత్రం నిన్నట్నించీ సరిగా పట్టడం లేదు.
ఇంకేటి?
ముసలామె కాసేపు నేల చూసి
తప్పు ఒప్పుకుంటున్నట్టు చెప్పింది:
"ఎత్తుకుంటే ఏడుస్తాది, దించితే ఊరుకుంటాది.
ఏడుగుర్ని పెంచినాను.
ఇలాటి గుంటని సూళ్ళేదు."

పరీక్షలో నేను రాసిన జవాబులో
జ్వరం, తలనొప్పి, బిగిసిన మెడ వరసగా ఉన్నాయి.
పదికి తొమ్మిది వేశారు.
ఈ తల నొప్పి అని చెప్పదు.
ఈ మెడ కింద చెయ్యి పెట్టి లేపితే
తడిబట్టలా వంగింది.
బిగుసుకోవడం ఇంకా నేర్చుకోని మెడ.

మాడు మీద ఆముదం, పక్కన దిష్టి చుక్క.
తుడిచి అరచెయ్యి ఆనించాను.
పొంగింది అనలేను, లేదనీ అనలేను.
పాలు పొంగాక పొయ్యి దగ్గరికి
పరిగెత్తేవాళ్ళు తుడవడానికే పనికొస్తారు.

కుడికాలు సైకిలు తొక్కుతోంది,
పెదాలు చప్పరిస్తున్నాయి.
"కల్లో పాలు తాగుతున్నాది," అని తల్లి నవ్వింది.
అది ఫిట్సు.
ఆ నవ్వు అయ్యేదాకా ఆగాను. ఆగకూడదు.
రాహేలు సిస్టర్ ఆగలేదు,
అప్పటికే సిరంజిలో మందు ఎక్కిస్తోంది.

"ఎన్నులో సూదేస్తే నడుం పడిపోద్దంట కదా"
అన్నాడు తండ్రి, తాళ్ళు కోసిన అరచేతుల్ని చూసుకుంటూ.
నడుం పడిపోదు, అన్నాను.
తీయకపోతే ఏ పురుగో తెలీదు, అన్నాను.
ఎవరి మాట నమ్మాడో, వేలిముద్ర వేశాడు.

సిస్టర్ గుంటని రొయ్యలా వంచి పట్టుకుంది.
నడుం ఎముకల మధ్య, నా చిటికెన వేలి గోరంత చోటు.
లేత బొండం నీళ్ళలా తేటగా రావాలి,
కొబ్బరితోటల వాళ్ళకి వేరే చెప్పాలా.
చుక్క. చాలాసేపటికి ఇంకో చుక్క.
సీసా ఎత్తి ట్యూబులైటు వైపు పట్టాను.
వెనక కేలెండరులో తారీకులు మసకబారాయి.
"బియ్యం కడిగిన నీళ్ళు," అంది దానమ్మ గుమ్మంలోంచి.
ఎవరూ అడగలేదు.

తెల్లారాక ల్యాబు అదే మాట అంకెల్లో చెప్పింది.
చక్కెర పదహారు, తెల్లకణాలు రెండు వేల పైన.
మందు రాత్రే మొదలుపెట్టాం.
పురుగు ఏదో తేలడానికి మాత్రం రెండు రోజులన్నారు.
ఆ రెండో రోజుకే గుంటకి ఇరవయ్యొకటి,
ఇంటి దగ్గర ఉయ్యాల, బారసాల, అన్నీ చెప్పుకున్నారట.
ముందు పురుక్కే పేరొచ్చింది.

ఇరవయ్యొక్క రోజులు మందు ఎక్కించాం.
పాలు పడుతోంది. ఎత్తుకుంటే ఊరుకుంటోంది.
కానీ పోలేశ్వరి రోజూ సాయంత్రం
గుంట తల వెనక స్టీలు గ్లాసు మీద చెంచాతో కొడుతుంది.
ఒక్కోసారి కళ్ళార్పుతుంది. ఒక్కోసారి లేదు.
చెవుల పరీక్షకి చీటీ రాశాను.
వాళ్ళింటి వెనక గోడ దాటితే ఇసకేనట,
ఇసక దాటితే హోరు.

"నా మాట ఇనకపోతే పోనీ," అంది దానమ్మ
మూట కట్టుకుంటూ,
"సముద్రం ఇంటే సాలు."