లింగం తలుపు

ధవళేశ్వరం ఆఫీసు వెనక గదిలో
చెదలు తినగా మిగిలిన చిట్టాల ముందు
మూడు శనివారాలు కూర్చున్నాను.
మండపేటలో లేతు తిప్పుకునేవాణ్ణి,
గ్రీజు గోళ్ళతో కాగితం ముట్టుకున్నప్పుడల్లా
గుమస్తా గారి మొహం ముడుచుకునేది.

మా ఇంట్లో చెప్పుకునే కథ వేరు.
ముత్తాతకి తాత, కొమ్మోజు ముఖలింగం,
గోదారి నీళ్ళకి బుద్ధి చెప్పే యంత్రం చేశాడనీ,
విక్టోరియా రాణి మెచ్చి మెడల్ పంపిందనీ,
కరువు ఏట దాన్ని కరిగించి నూకలు కొన్నారనీ.
కరిగింది వెండో రాగో మాత్రం
చెప్పినవాళ్ళు చెప్పినట్టల్లా మారేది.

చిట్టాలో రాణి ఊసు లేదు.
ఇంగ్లీషు గుమాస్తాకి చెవినపడ్డ పేర్లున్నాయి:
మూకలింగ, సమ్మెట కూలి, నెలకి నాలుగు రూపాయలు.
నాలుగేళ్ళ తర్వాత మోగలింగం, ఫిట్టరు.
ఆ తర్వాతెప్పుడో లింగం మేస్త్రీ, ఏడున్నర.
ముగ్గురు మనుషులనుకుని
రెండు శనివారాలు పారేసుకున్నాను.

ఒక్కడేనని పట్టిచ్చింది జరిమానా.
అనుమతి లేకుండా ఇనపరేకు కోసినందుకు
నాలుగణాలు కోత.
ముగ్గురిదీ అదే నేరం, అదే నాలుగణాలు,
సంతకం చోట ముగ్గురిదీ అదే నిశాని.
కమ్మరి కదా, సుత్తి గీస్తాడనుకుంటాం.
బిందె గీశాడు.

ఆ రేకుతో ఏం చేశాడని చిట్టా అడగలేదు.
ఇంకో కట్టలో, ఎవరో దొర
పైవాళ్ళకి రాసిన ఉత్తరంలో ఉంది:
మా మేస్త్రీ ఒకడు కల్పించిన తలుపు
కాలవ నిండగానే తనంతట తానే లేస్తోంది,
ఫరవాలేదు.
ఒకడు.
ఆ మాట మీద వేలు పెట్టుకుని
కరెంటు పోయి వచ్చేదాకా కూర్చున్నాను.

కింద పేరాలో తప్పు కూడా రాశాడు.
మొదటి ఏడు తలుపు మొరాయించి
పెదలంకలో పదెకరాల నారుమళ్ళు మునిగాయట.
అక్కడ మాత్రం పేరు పూర్తిగా ఉంది,
ఇంటిపేరుతో సహా.

ఆయన పెళ్ళాం పేరు ఏ కాగితంలోనూ దొరకలేదు.
మా నాయనమ్మ చెప్పేది,
ఆవిడ ఇత్తడి బిందె మూతి సీసంతో మూసి
తలుపు గొలుసుకి కట్టాడని,
బిందె తేలితే తలుపు లేచేదని.
మూడు బిందెలు కాలవపాలయ్యాక
ఆర్నెల్లు కుండతో నీళ్ళు మోసిందట ఆవిడ.
మోస్తూ ఏమని తిట్టిందో
అది కూడా చెప్పేది నాయనమ్మ,
నేనిక్కడ రాయను.

చివరి శనివారం బండేసుకుని
పాతలంక తూము దగ్గరికి పోయాను.
ఇప్పుడక్కడ మోటారు గేటు, ఆకుపచ్చ రంగు.
పాతది గట్టు మీద పడుంది,
దానికో గేదెని కట్టేశారు.
తుప్పు అంచున పసుపు, ఎండిన బంతిపూలు.
"లింగం తలుపండీ అది," అన్నాడు లస్కరు,
"నీళ్ళొదిలే రోజు దీనికే కొబ్బరికాయ కొడతావండీ."
లింగమంటే ఎవరని అడిగాను.
నావైపు జాలిగా చూశాడు.
"శివుడే కదండీ!"

నేనేమీ అనలేదు.
గేదెని పక్కకి అదిలించి
మోకాళ్ళ మీద కూచుని రివిట్లు తడిమాను.
కాగితం నాకు కొత్త. ఇనుము చదవడం వచ్చు.
ప్రతి రివిట్టు తలా కుడికి వాలి ఉంది.
మా కొట్లో కుర్రాళ్ళు కొడితే ఎడమకి వాలుతుంది.
నేను కొడితే ఇలా వాలుతుంది.

ఎడంచేత్తో అన్నం తింటున్నానని
చిన్నప్పుడు మా అమ్మ పెట్టిన వాత
మణికట్టు మీద ఇంకా ఉంది.
ఎవరి పోలికరా నీకిది, అనేది,
వెన్న రాస్తూ, తనే ఏడుస్తూ.

పొద్దు వాలింది. లస్కరు పుస్తకం పట్టుకొచ్చాడు,
తూము చూడ్డానికొచ్చినవాళ్ళు పేరు రాయాలట.
కొమ్మోజు, అని మొదలెట్టాను.
"అదేంటండీ," అన్నాడు,
"ఎడంచేత్తో రాస్తారేంటండీ?"