నాలుగోది

తెల్లవారుజామున ఐదున్నరకి తాడు కట్టి లాక్కొచ్చారు బండిని
ఆటోనగర్ మూడో క్రాసు రోడ్డులోకి.
ముందు ఇంకో లారీ, వెనక ఇది, మూగదై.
టార్పాలిన్ కింద గుంటూరు యార్డుకి చేరాల్సిన మిరపకాయ టిక్కీలు.
"పొద్దున పూట లేవట్లేదు" అన్నాడు పరిశుద్ధరావు
బడికెళ్ళని కొడుకు గురించి చెప్పినట్టు.
"లేచినా తెల్లపొగ. కాస్సేపు కుంటుతుంది. ఇవాళ అదీ లేదు."

మా మేస్త్రీ కాలేషా వినలేదు.
వినలేదంటే, వినిపించలేదు.
నలభై ఏళ్ళు బానెట్ల కింద తల పెట్టినందుకు
ఇంజన్లు ఆయన చెవులు రెండూ పట్టుకున్నాయి
కూలిలో పట్టుకున్న బాకీలాగా.
ఆయిల్ మూత తీసి
ఆ కన్నం మీద అరచెయ్యి ఆనించాడు, జ్వరం చూసినట్టు.

"అవతలి షెడ్డులో ఏమన్నారు?" అరిచాడు.
ఆయన మామూలుగా అడగడం అంటే అదే.
"ఫుల్ ఇంజన్ పనంట. బోరింగు, లైనర్లు, పిస్టన్లు.
రెండు లక్షల చిల్లర."
నేను మేస్త్రీకి రెండు వేళ్ళు చూపించాను.
చిల్లరకి వేళ్ళు లేవు.

నాజిళ్ళు ఆరూ విప్పి గుడ్డ మీద వరసగా పడుకోబెట్టాను.
గేజీ బిగిస్తూ, సెల్ఫ్ కొట్టిస్తూ, ఒక్కోటీ చూశాం.
ఇరవై ఎనిమిది. ఇరవై ఏడు. ఇరవై ఎనిమిది.
నాలుగోదాని దగ్గర ముల్లు
పధ్నాలుగెక్కి ఆగి, సిగ్గుపడ్డట్టు వణికింది.
ఐదూ ఆరూ బాగానే ఉన్నాయి.
వాటిని ఎవరూ పట్టించుకోలేదు.

సగం దమ్ము పోతోంది, సరే.
ఎంత పోయిందో గేజీ చెబుతుంది,
ఎటు పోయిందో చెప్పదు.

చక్రాలకి రాళ్ళు వేసి, బండి గేర్లో పెట్టి,
నాలుగో పిస్టన్ని పైకంటా తెచ్చి
పంచర్ల కొట్టు గాలి గొట్టం ఆ కన్నంలోకి ఎక్కించాం.
అందర్నీ నోరు మూసుకోమన్నాడు మేస్త్రీ.
పక్క షెడ్డు గ్రైండరు ఆగింది.
బాడీ కట్టేవాళ్ళ సుత్తి ఒకటి ఆగలేదు,
దాన్ని ఆపడం ఎవరి తరమూ కాదు.
"చెవి ఇవ్వరా" అన్నాడు నాతో.

రేడియేటర్లో నీళ్ళు కదల్లేదు. నా ముఖమే కనిపించింది.
ఎయిర్ క్లీనరు గొట్టంలో పాత దుమ్ము, నిశ్శబ్దం.
ఆయిల్ మూత దగ్గర మాత్రం
మధ్యాహ్నం నిద్రలో ముసలాయన పీల్చే ఊపిరి లాంటిది, సన్నగా.
నాకు గుండె జారింది.
రింగులైతే ఆ రెండు వేళ్ళూ నిజమే.
పరిశుద్ధరావు నా ముఖాన్నే చూస్తున్నాడు,
రాత్రిపూట ఎదురొచ్చే లైట్లని చూసినట్టు, కళ్ళు చికిలించి.

తల ఊపాను, ఉందని.
"ఎంత?"
బొటనవేలి మీద చూపుడువేలు పెట్టి చూపించాను.
"అంత అందరికీ ఉంటుంది. నాకు లేదా? ఇంకా చూడు."

సైలెన్సరు దగ్గర చెవి ఆనించే పని లేకపోయింది.
కాలిన పెనం మీద నీళ్ళు చల్లితే వచ్చే సుయ్యి,
కానీ ఆగదు.
మేస్త్రీ వేళ్ళు నాలుకకి తడి చేసుకుని గొట్టం ముందు పెట్టాడు.
చల్లగా తగిలిందేమో,
ఎవరో పేరు పెట్టి పిలిచినట్టు తలెత్తాడు.
"వాల్వు. హెడ్డు దించితే చాలు."

మూడింటికి హెడ్డు దిగింది.
వాల్వు అంచున ఒక్కచోట అప్పడం కొరికినట్టు ఉంది.
గోరంత.
వారధి దాటాల్సిన బలమంతా
ఇన్నాళ్ళూ ఆ గోరంతలోంచే పోయింది.
పరిశుద్ధరావు దాన్ని లుంగీకి తుడిచి చొక్కా జేబులో వేసుకున్నాడు.
అవతలి షెడ్డువాడికి చూపించడానికేమో. అడగలేదు.

గాలికి టార్పాలిన్ మూల లేచింది.
మిరప ఘాటు షెడ్డంతా దిగింది.
రేకులు అదిరేలా తుమ్మాడు మేస్త్రీ.
ముక్కు తుడుచుకుని, గేజీ వంక చూసి
"నాది ముప్పై ఉంటుందిరా" అన్నాడు
మూడో క్రాసు రోడ్డు మొత్తానికి వినపడేలా.