దాఖలా

బల్ల మీద ఫైలు. అట్ట మీద నా చేతిరాతే:
ఛానల్ ఇరవై రెండు, డులూత్. విద్యార్థులు నడిపే టీవీ.
సర్వస్వంలో చోటు ఇవ్వాలా, వద్దా.
గడువు శుక్రవారం.
కిటికీ బయట సరస్సు ఇంకా గడ్డకట్టలేదు,
ఎటూ తేల్చుకోలేనట్టుంది.

మా నియమం చిన్నది.
ఎవరి గురించి వాళ్లు చెప్పుకున్నది చెల్లదు;
సంబంధం లేనివాళ్లు, పనిగట్టుకుని,
వాళ్ల గురించి రాసి ఉండాలి.
కాకి తన పిల్లను ముద్దాడితే లెక్కలోకి రాదు.
పక్క చెట్టు మీది కొంగ
ఒక్క పేరా అయినా రాయాలి.

ఫైల్లో ఉన్నవి:
వాళ్ల కరపత్రం. ఇరవయ్యో వార్షికోత్సవపు కాఫీ మగ్గు ఫొటో.
యూనివర్సిటీ పత్రికలో నాలుగు ముక్కలు,
రాసినవాడే అక్కడ కెమెరా పట్టినవాడు.
ఓ పాత విద్యార్థి ఉత్తరం, మూడు పేజీలు,
రెండున్నర పేజీలు తన పెళ్లి గురించే,
ఎడిటింగ్ గదిలో కలిశారట.
నేలమాళిగలో బాయిలర్ మీద గుడ్లు ఉడికించి
వంటల కార్యక్రమం చేసేవారట.
నవ్వొచ్చింది. నవ్వు ఆధారం కాదు.

డెన్నిస్ ఓఫ్‌స్టెడల్ తలెత్తకుండానే అన్నాడు:
"ఇలాంటిది ప్రతి కాలేజీలోనూ ఒకటుంటుంది.
దీనికిస్తే రేపు చదరంగం క్లబ్బుకీ ఇవ్వాలి."
ఆయన మాట తప్పు కాదు.
ముప్పై ఏళ్లుగా ఆయన మాట తప్పు కాలేదు,
అదే ఆయనతో చిక్కు.

మిగిలిన అరపేజీ చదివాను.

మార్చి నెల. మంచు వాన.
తీగల మీద నీళ్లు గాజై పేరుకుని
స్తంభాలు ఒక్కొక్కటే మోకాళ్ల మీద కూలిన రాత్రి.
ఆసుపత్రి లైనులోనే ఉండబట్టి
ఆ నేలమాళిగలో మాత్రం దీపం.
వార్డుల్లో, ఫైర్ స్టేషన్లో, కారు బ్యాటరీకి తగిలించిన బుల్లి టీవీల్లో
ఒకే ఒక మొహం:
ఐలీ కోస్కెలా, పంతొమ్మిదేళ్లు, భూగర్భశాస్త్రం రెండో ఏడు.
వాతావరణం చదవాల్సిన పిల్ల జలుబని రాకపోతే
ఆ కుర్చీలో కూర్చుంది.
పదకొండు గంటలు చదివింది.
ఏ వీధి మూతపడింది, ఏ బడి తెరిచారు,
ఎవరింట్లో ఆక్సిజన్ అయిపోవస్తోంది,
ఎవరి అమ్మ ఎక్కడ క్షేమం.
కెమెరా వెనక కుర్రాడు నిద్రపోయాడు.
చిత్రం మెల్లగా పక్కకు ఒరిగి
తెల్లారేసరికి ఆమె భుజమూ,
గోడ మీద నిప్పంటుకుంటే ఏం చేయాలో చెప్పే కాగితమూ మిగిలాయి.

మర్నాటి పేపరు కోసం వెతికాను.
రీలు తిప్పాను: పద్దెనిమిది, పంతొమ్మిది, ఇరవై రెండు.
మధ్యలో రెండు రోజులు లేవు.
అచ్చుయంత్రానికి కరెంటు లేదు.
ఇరవై రెండున మొదటి పేజీ నిండా విరిగిన స్తంభాలు,
కరెంటు కంపెనీ క్షమాపణ.
ఆ గొంతు గురించి అక్షరం లేదు.
రాయాల్సినవాళ్లంతా
ఆ రాత్రి ఎక్కడో కూర్చుని వింటున్నారు.

టేపు తెప్పించాను.
దాని మీద హాకీ ఆట ఎక్కించేశారు.
కొత్త టేపుకి డబ్బెక్కడిది?
రెండు గంటలు చూశాను. మూడు–ఒకటి. మనవాళ్లే ఓడారు.
జనం లేచి వెళ్లిపోయాక
అడుగున ఉన్న పాత చిత్రం
నాలుగు సెకన్లు పైకి తేలింది:
ఒక భుజం. బొంగురుపోయిన గొంతు.
"...చర్చి పక్క తలుపు. తాళం లేదు, బిగుసుకుందంతే.
గట్టిగా తోయండి."
తర్వాత చుక్కల వాన.

శుక్రవారం ఫారం నింపాను.
ఆధారాలు: చాలవు. సిఫారసు: వద్దు.
నియమం మంచిదే. అది లేకపోతే
గొంతు పెద్దవాడు పుస్తకమంతా ఆక్రమిస్తాడు.
కారణాల గడిలో కాస్త చోటు మిగిలితే
పేపరు రాని ఆ రెండు తేదీలు వేశాను,
కింద ఏమీ రాయలేదు.

డెన్నిస్ చదివాడు. కళ్లజోడు తీశాడు.
"ఆ చర్చి తలుపు," అన్నాడు,
"రెండు భుజాలూ పెట్టి తోయాల్సొచ్చింది నాకు.
చంటిది నా కోటు లోపలుంది."
ఇంకేదో అంటాడనుకున్నాను.
ముద్ర తీసి గుద్దాడు: తిరస్కరణ.
సిరా ఆరడానికి కాగితాన్ని ఊదుతూ
చాలాసేపు అలాగే ఉండిపోయాడు.