స్టూడియో చొక్కా

పోస్టరులో గంగాచలం తొడుక్కున్న నీలం చొక్కా
నాది.
స్టూడియోలో అద్దం పక్కన మేకుకి వేలాడుతుంటుంది,
కాలరు లేకుండా వచ్చేవాళ్ళ కోసం.

వేటబోటు కార్డుకి ఫోటో కావాలని వచ్చాడు,
మూడేళ్ళ కిందట, పుష్యమాసం చలిలో,
మోకాళ్ళ దాకా ఎండిన బురదతో.
బనీనుతోనే స్టూలెక్కబోతే నేనే తొడిగాను.
వదులైంది.
వెనకాల రెండు బట్టల క్లిప్పులు పెట్టాను.
అవి ఫోటోలో కనబడవు.

"గడ్డం కొంచెం పైకి" అన్నాను.
"నవ్వాలాండీ?" అన్నాడు.
గవర్నమెంటు కార్డుకి అక్కర్లేదన్నాను.
ఆ నవ్వకపోవడమే
పేపర్లో ఇప్పుడు 'కరడుగట్టిన' అయ్యింది.

తాళ్ళరేవు నుంచి యానాం గేటు దాకా
కరెంటు స్తంభానికల్లా వాడే.
కామాడి గంగాచలం, ముప్పై నాలుగేళ్ళు, చామనచాయ,
ఎడమ చెవి కింద గాటు,
ఆచూకీ చెబితే రెండు లక్షలు.
మూల నా స్టూడియో పేరు మాత్రం చెరిపేశారు.

గేటంటే ఏముందండీ,
ఒక వెదురుగడ, చివర ఇసకమూట, రేకుల గది.
గడకి అటొక ధర, ఇటొక ధర,
సీసా ఒకటే.
రొయ్య ఆ గీత ఎన్నిసార్లు దాటిందో
ఎవరూ పుస్తకంలో రాసుకోరు.

ఆ రాత్రి ఏం జరిగిందో నాకు తెలీదు.
తెలిసినవాళ్ళు ముగ్గురున్నారు.
దోనె నిండా కేసులే అంటాడొకడు.
ఐసు కింద పీతలు తప్ప ఏం లేవంటాడొకడు.
మామూలు దగ్గర మాట తేడా వచ్చిందంటాడు ఇంకొకడు.
తెడ్డుతో ఒక్కటే దెబ్బ అని మాత్రం
ముగ్గురూ అంటారు.

పోయినాయన కూడా నా స్టూలు మీద కూర్చున్నవారే.
ఎక్సైజు ఎస్సై కొప్పిశెట్టి జోగారావు గారు.
ప్రమోషను ఫైలుకి తీయించుకుని
చిల్లర లేదు, రేపు పంపుతానన్నారు.
పంపారు. పది ఎక్కువే పంపారు.

మూడో రోజు సాయంత్రం ఆయన బావమరిది వచ్చాడు,
పన్నెండు పద్దెనిమిది సైజులో, దండ వేయడానికి,
కళ్ళద్దాల మీది మెరుపు తీసేయమని.
వెనకే సర్కిలు గారి మనిషి,
గంగాచలానికి గడ్డం పెట్టి ఒకటి, గుండు గీసి ఒకటి,
తెల్లారేసరికి.
ఆ రాత్రి ఒకే కంప్యూటరులో
ఒకరి కళ్ళు తేటపరిచాను,
ఒకరి జుట్టు కొరిగాను.
గుండుతో వాణ్ణి నేనే పోల్చుకోలేకపోయాను.

కోరంగి మడలో వెతుకుతున్నారు.
పోటుకి బోట్లు వెళ్ళడం, పాటుకి బురదలో ఇరుక్కోవడం.
తిల్లచెట్టు పాలు కంట్లో పడి
ఓ కానిస్టేబులు కాకినాడ ఆస్పత్రిలో ఉన్నాడు.
ఇంజరంలో నీలం చొక్కా వేసుకున్న పాపానికి
ఎవరో సైకిలు మెకానిక్కుని రెండు రోజులు ఉంచేశారు.

నిన్న షట్టరు సగం దించాక వాడి పెళ్ళాం వచ్చింది, నూకరత్నం.
చంకలో పిల్ల.
"ఇంట్లో ఆయన బొమ్మ ఒక్కటీ లేదండి.
స్తంభం మీది చించితే కేసెడతారంట.
ఆ చొక్కా తీసేసి ఇవ్వండి.
పిల్ల ఆయన్ని ఆ చొక్కాలో ఎప్పుడూ చూళ్ళేదు."

తీసేశాను.
మెడ కింద ఖాళీ, తెల్లగా.
ఏం పెట్టమంటావమ్మా అన్నాను.
చాలాసేపు చూసింది.
"నీళ్ళెట్టండి" అంది,
"గుండెల దాకా నీళ్ళు.
వలకెళ్ళినప్పుడు అలాగే ఉంటాడు."

పెట్టాను. డబ్బులు తీసుకోలేదు.
పిల్ల ఆ కాగితాన్ని వేలితో పొడిచి
ఏదో పేరు పెట్టి పిలిచింది.

ఇప్పుడు నా దగ్గర
అచ్చం వాడిలాగే ఉన్న ఫోటో ఒకటుంది.
స్టేషను నుంచి ఇంకా ఎవరూ అడగలేదు.
చొక్కా మేకునే ఉంది,
క్లిప్పులు పట్టిన చోట
ఇంకా రెండు ముడతలు.