గ్లౌజుల చిట్టా

టర్నర్ సత్రం గోడవారన
నలభయ్యేళ్లుగా నా కొట్టు.
కొట్టంటే ఏటి? ఒక రేకు, ఒక చెక్కపెట్టె,
ఒక ఆరె, మైనం పట్టించిన దారం.
మ్యాచ్ ఒక్కటీ చూళ్లేదు నేను.
ఆదివారం ఆటగాళ్లకి ఆట, నాకు సోమవారం బేరం.

అయినా ఈ ఊరి వికెట్‌ కీపర్లలో ఎవడు గొప్పని అడిగితే
పెట్టె మూత తిరగేసి చూపిస్తాను.
లోపలివైపు సుద్దముక్కతో రాసుంటుంది.
పేపరోళ్లు క్యాచ్‌లు లెక్కేస్తారు, స్టంపింగులు లెక్కేస్తారు.
నేను చిరుగులు లెక్కేస్తాను.

బ్యాటు అబద్ధమాడుతుంది బావూ,
కొత్త గ్రిప్పు తొడిగితే వయసు దాచేస్తుంది.
గ్లౌజుకి ఆ విద్య రాదు.

పోర్టు టీము తాతబాబుకి వేళ్ల చివర్లే చిరిగేవి,
అంటే చెయ్యి ఎప్పుడూ ఒక రెప్పపాటు ఆలస్యం.
అయినా ఆరో నంబరిచ్చాను.
కుట్లలో ఎర్రటి ఇనుపమట్టి ఉండేది,
నైట్ డ్యూటీ దిగి నేరుగా గ్రౌండుకెళ్లేవాడని
ఆ దుమ్మే చెప్పింది.

ఐదో నంబరువాడు బాకీ ఎగ్గొట్టాడు, పేరు చెప్పను.
నంబరు మాత్రం తియ్యలేదు.

జాలారిపేట మైలపల్లి ఎర్రయ్యది ఎడమ చిటికెనవేలు,
ఎన్నిసార్లు కుట్టానో!
వల విసిరినట్టు ఎడమకే దూకేవాడట.
కుడిచేతి గ్లౌజు మాత్రం
పీటల మీద పెళ్లికొడుకులా మెరుస్తూనే ఉండేది.

షిప్‌యార్డు దాలినాయుడు, రెండు.
లోపలి గుడ్డ విప్పితే అట్టకట్టిన నెత్తురు.
"ఏటిది బావూ?" అన్నాను.
"తుప్పు," అన్నాడు.
విరిగిన వేలితో లీగంతా ఆడాడని
ఏడాది పోయాక ఎవరో చెప్పారు.

ఒకటి, వాల్తేరు రైల్వే డెస్మండ్ గారు.
అరచేతి నడుమ పాత రూపాయి బిళ్లంత నలుపు,
ఇంకెక్కడా గీత లేదు.
ఇరవయ్యేళ్ల బంతులు వెతుక్కుంటూ వచ్చి
ఆ ఒక్క గూట్లోనే వాలాయి.
కుట్టడానికేం ఉండేది కాదు, నూనె రాసి ఇచ్చేవాణ్ణి.
డబ్బులు తీసుకోడానికి మొహమాటమేసేది.

మొన్న ఆషాఢంలో యూనివర్సిటీ గ్రౌండు నుంచి
సీదిరి నీలవేణి అని ఒక పిల్ల
వేళ్లు విడివిడిగా లేని గ్లౌజొకటి తెచ్చింది,
గుండ్రంగా, మూకుడంత.
"ఇదేటమ్మా ఒక్కటే? రెండోది పోయిందా?"
"బేస్‌బాల్ తాతా. క్యాచర్‌ని. మాకు ఒక్కటే."

తాళ్లు తెగిపోయాయి, ఉప్పుగాలికి తోలు బిరుసెక్కింది.
అలవాటు కొద్దీ మచ్చ కోసం వెతికాను.
ఒక చోటంటూ లేదు,
తెల్లారగట్ల సముద్రంలా అంతటా పలచగా పరుచుకుని ఉంది.
"ఎక్కడ పడితే అక్కడ పట్టేస్తావేటి?" అన్నాను,
కొంచెం ఎకసెక్కంగానే.

కోపం రాలేదు దానికి.
ఫుట్‌పాత్ మీద గొంతుక్కూర్చుని చూపించింది.
గీత దాటిపోయే బంతిని
మణికట్టు వెంట్రుకవాసి తిప్పి లోపలికి తేవాలట.
వెనక నిలబడ్డ అంపైరు
అది మొదట్నించీ అక్కడే ఉందనుకోవాలట.
"తెచ్చినట్టు తెలిసిందా, తేనట్టే లెక్క తాతా."

నా చేతిలో ఆరె ఆగింది.
నలభయ్యేళ్లుగా నేను చేస్తున్నదేటి మరి?
కుట్టు కనపడితే అదీ ఒక కుట్టేనా?

సాయంత్రానికి తాళ్లెక్కించి ఇచ్చాను.
పిడికిలి బిగించి లోపల ఒక్క గుద్దు గుద్దింది,
పూర్ణా మార్కెట్టు మలుపులో
నిమ్మకాయలమ్మే అప్పలకొండ తలెత్తి చూసింది.
యాభై ఇచ్చి వెళ్లిపోయింది పిల్ల.
నంబర్లు అడగలేదు. అలాంటివి ఉన్నాయనే తెలీదు దానికి.

పెట్టె తెరిచి, తడిగుడ్డతో తుడిచి,
అందరినీ ఒక మెట్టు దింపాను.
బాకీవాడు ఆరుకి పడ్డాడు, అది హాయిగానే ఉంది.
దాలినాయుడికి చెప్పాలి, బతికే ఉన్నాడు, కేకలేస్తాడు.
డెస్మండ్ గారు వచ్చి అడిగేదేం లేదు,
పోయి పదకొండేళ్లయింది.
అయినా ఆ రాత్రి రేకు దించుతూ
"ఏమీ అనుకోకండి సార్,
ఆ పిల్ల గ్లౌజు మీరు చూళ్లేదు," అన్నాను.