జులై పద్దు

ఆవులన్నీ వట్టిపోయిన నెల ఇది.
పాల ట్యాంకర్లు డిపోలో వరసగా పడుకున్నాయి,
నాకు వారానికి రెండే షిఫ్టులు.
మటౌరా ఏటి మీద పొగమంచు విడవకముందే
వంటింటి బల్ల మీద పద్దుపుస్తకం తెరిచాను.

మొదటి వరసలో బండి.
గోర్ అవతల ఒక కోళ్ళ షెడ్డులోంచి కొన్నది,
రెండు సిలిండర్ల ఆరువందల యాభై.
సీటు కింద ఎలుక గూడు,
గూట్లో సగం నమిలిన ఇన్సూరెన్సు కాగితం.
దాని ధర పక్కన టిక్కు పెట్టాను.
కింద గడులన్నీ నోళ్ళు తెరుచుకునే ఉన్నాయి.

లైసెన్సు. డాక్టరు సంతకం.
కళ్ళు బాగున్నాయి, గుండె బాగుంది,
నలభై ఆరేళ్ళకి ఈ బుద్ధి ఎక్కణ్ణుంచి పుట్టిందో
అది నా పరీక్షలకి అందదు, అన్నాడాయన.
టైర్లు రెండు జతలు.
కొట్టేసి, ఒకటిన్నర అని రాసి,
అరజత ఎక్కడ అమ్ముతారో తెలీక మళ్ళీ రెండు చేశాను.
ఊడే వీలున్న ప్రతి బోల్టుకీ బెజ్జం వేసి తీగె కట్టాలట.
డ్రిల్లు ముక్కలు పదకొండు విరిగాయి.
పన్నెండోది రాయలేదు, లీత్ చూస్తాడని.

తోలు సూటు పాతదే దొరికింది.
వీపు మీద ఎవరిదో పేరు, బ్లైత్.
రెండు రాత్రులు కూర్చుని దారం కుట్టు కుట్టూ విప్పాను.
దారం పోయింది, సూది బెజ్జాలు పోలేదు.
వానలో రేసు పడితే
ఆ ఆరక్షరాల్లోంచే నీళ్ళు నా వీపు మీదికి దిగుతాయి.

పక్కింటి మోరీ హాగర్ట్ ఒకప్పుడు రేసులు తిరిగినవాడు.
ఎడమచెయ్యి భుజం దాటి లేవదు.
పుస్తకం తిప్పి తిప్పి చూసి
పడ్డానికి గడి ఏదీ, అన్నాడు.
నేను నవ్వాను. ఆయన నవ్వలేదు.
గీత గీయించి, దగ్గరుండి రాయించాడు:
క్లచ్ లివర్లు రెండు, కుడి ఫుట్‌పెగ్గు,
గ్లౌజులు ఇంకో జత.
ఎముకల పద్దు వేరే పుస్తకంలో రాసుకో, అన్నాడు,
అది మాత్రం నాకు చూపించకు.

ఇక తేదీలు.
ఆగస్టులో ఈతలు, సెప్టెంబరుకి పాలు పొంగుతాయి,
ట్యాంకరు దిగడానికి తీరికుండదు.
సరిగ్గా అప్పుడే టెరెటోంగాలో మొదటి రేసు.
శనివారాలు నీ బదులు నేను తోలతా, అన్నాడు సెమిసి,
ఆదివారం మటుకు అడక్కు,
చర్చి గాయకుల్లో లావు గొంతు నాదొక్కటే.
రేసులేమో ఆదివారాలే.
ఆరు తేదీలు రాసుకున్నవి నాలుగయ్యాయి,
టిమారుకి పెట్రోలు లెక్కేశాక మూడు.
మూడోదాని పక్కన పెన్సిలుతో ప్రశ్నార్థకం.

ఆలూ లేదు చూలూ లేదు,
నంబరు మాత్రం ఎప్పుడో ఎంచుకున్నాను: డెబ్భై మూడు.
డిపోలో నా మొదటి ట్యాంకరు నంబరు.
గేరు మార్చినప్పుడల్లా దగ్గేది,
వాగుల్లోనూ గడ్డమంచులోనూ ఒక్కసారీ నన్ను పడెయ్యలేదు.

రాత్రి గరాజులోకి వెళ్ళి, లైటు వెయ్యకుండా
స్టాండు మీదున్న బండెక్కి కూర్చున్నాను.
ఇంజను లేదు, బల్ల మీద ముక్కలుగా ఉంది.
అయినా ట్యాంకు మీదికి వంగి
మొదటి మలుపుకి మోకాలు చాపాను.
ఇక్కడ బ్రేకు. ఇక్కడ చూపు.
నోట్లోంచి ఆవిరి. చలికి మోకాలి చిప్ప కలుక్కుమంది.
నా వెనక ఎవరూ లేరు,
ముందు అందరూ ఉన్నారు.
ఆ చోటు నాకేం చెడ్డగా అనిపించలేదు.

తలుపు కిర్రుమంది. టార్చి వెలుగు, టీ కప్పు, లీత్.
ఎన్నోదానిగా వచ్చావ్, అన్నాడు.
చివర.
ఎంతమందిలో?
అది ఇంకా రాసుకోలేదన్నాను.
కప్పు సీటు మీద పెట్టి, తలుపు దాకా వెళ్ళి, ఆగి
పన్నెండో డ్రిల్లు ముక్క కూడా రాసుకోలేదు నువ్వు,
అన్నాడు.