మజాక్

బెంచి మీది పోరగాళ్లు ఏదో అన్నరు, కిసుక్కున నవ్విండ్రు.
కుర్చీలున్న సూడాన్ పిలగాడు, ఇద్రీస్,
అద్దంలకెల్లి వచ్చీరాని హిందీల అడిగిండు:
"ఏమన్నరు?"
"ఏం లేదు, మజాక్."
"మజాకైతే నువ్వెందుకు నవ్వలే?"

కత్తెర ఆగింది.
నయీంనగర్ రోడ్డు మీద బస్సు పోయేదాక ఆగింది.

చెప్పిన. ఆ మాట ఉన్నదున్నట్టే చెప్పిన,
అర్థం సుత చెప్పిన.
నా నోట్లె అది ఇంకింత పాడుగ వినవడ్డది.

"మరి నిన్నేమంటరు?"

ఇరవై ఏండ్ల సంది షాపు.
బోర్డు మీద పేరున్నది, సమ్మయ్య.
ఆ పేరువెట్టి పిలిచేటోళ్లు ఎంతమందని
లెక్కవెట్టబోయి బెంచి దిక్కు చూసిన.

ఫోన్లల్ల తలలు దాసుకున్నరు.
ఒక్కడు మాత్రం లేచి
"అన్నా" అన్నడు,
మా ఇద్దర్ల ఎవరినో.

సగం తల ఇంకా మిగిలే ఉన్నది.